సౌండ్ ఆగినంత మాత్రాన క్యామ్ బాగుపడదు

సంపాదకుల వారికి నమస్కారం.

మొన్న ఆదివారం మీ అనుబంధంలో పాత మోటార్ సైకిళ్ల మీద వచ్చిన కథనం మా ఇంట్లో అందరం చదివాం. కాలవగట్టు మీద వరసగా నిలబెట్టిన బుల్లెట్ల ఫొటో చూసి మా అమ్మ, ఎనభై మూడేళ్ల మనిషి, కళ్లజోడు పెట్టుకుని మరీ "ఇందులో మీ నాన్నది ఏదిరా?" అని అడిగింది. మంచి కథనం వేశారు, ముందుగా అందుకు ధన్యవాదాలు. కానీ అందులో రెండు మాటలు తప్పుగా పడ్డాయి. పాత బళ్లన్నిటికీ మెయింటెనెన్స్ ఒకటే అన్నారు. బుల్లెట్‌కి ట్యాపెట్ సౌండ్ (వాల్వులను ఎత్తే భాగాల్లోంచి వచ్చే టకటక) వస్తుంటే మెకానిక్ దగ్గర టైట్ చేయించుకుంటే సరిపోతుందన్నారు. మొదటిది దిద్దుకుంటే పోయే పొరపాటు. రెండోది నమ్మి నాలుగుసార్లు అలాగే చేయించుకుంటే మాత్రం ఇంజినే పోతుంది. మాది అలాగే పోయింది కాబట్టి ఇంత పెద్ద ఉత్తరం రాస్తున్నాను.

మొదటిదాని సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. జావా, యెజ్డీ, రాజ్‌దూత్ 175, ఇవన్నీ టూ స్ట్రోక్ బళ్లు. మైసూరులో తయారై 1996 దాకా వచ్చిన ఆ జావా, యెజ్డీ ఇంజిన్లలో వాల్వులు (పెట్రోలు లోపలికి, పొగ బయటికి పోయే తలుపులు) ఉండవు, వాటిని ఎత్తే క్యామ్ ఉండదు, ట్యాపెట్లూ ఉండవు. పిస్టనే పైకీ కిందికీ కదులుతూ సిలిండర్ గోడకున్న దారులను తెరిచి మూస్తుంది. పెట్రోల్లో ఆయిల్ కొలత ప్రకారం కలిపి పోస్తే చాలు. నేను చెప్పబోయేదంతా ఫోర్ స్ట్రోక్ బళ్ల గురించి, ముఖ్యంగా మన వైపు ఇప్పటికీ చాలా ఇళ్ల అరుగుల పక్కన కనపడే పాత కాస్ట్ ఐరన్ బుల్లెట్ 350 గురించి. 1955లో మద్రాసులో మొదలైన బండి అది. 70 మిల్లీమీటర్ల బోరు, 90 మిల్లీమీటర్ల స్ట్రోకు, 346 సీసీ. దాదాపు 2010 దాకా ఆ పద్ధతి ఇంజినే వచ్చింది. తర్వాత వచ్చిన దాంట్లో హైడ్రాలిక్ ట్యాపెట్లు పెట్టారు, దానికి ట్యాపెట్ దగ్గర వదులు (గ్యాప్) సెట్ చేసే పనే లేదు.

పాత ఇంజిన్లో కుడివైపు టైమింగ్ కవరు లోపల రెండు క్యామ్ గేర్లుంటాయి, ఒకటి లోపలికి రానిచ్చే ఇన్‌లెట్ వాల్వుకి, ఇంకోటి బయటికి పంపే ఎగ్జాస్ట్ వాల్వుకి. క్యామ్ అంటే ఒకవైపు గుండ్రటి వీపు, ఇంకోవైపు కోడిగుడ్డు మొనలా పొడుచుకొచ్చిన ముక్కు. ఆ ముక్కు కింద నుంచి ట్యాపెట్‌ను ఎత్తుతుంది, ట్యాపెట్ పుష్‌రాడ్‌ను, పుష్‌రాడ్ పైనున్న రాకర్‌ను, రాకర్ వాల్వును. వాల్వు స్ప్రింగు బలమంతా తిరిగి వచ్చి ఆ ముక్కూ ట్యాపెట్ అడుగూ తగిలే చోట, ఒక సన్నటి గీత మీద పడుతుంది. ఇంజిన్ నిమిషానికి 3000 చుట్లు తిరిగితే క్యామ్ అందులో సగం తిరుగుతుంది, అంటే 1500 సార్లు, గంటకి 90 వేల సార్లు ఆ గీత మీద ఆ బరువు పడి లేస్తుంది. మధ్యలో ఉండేది పల్చటి ఆయిల్ పొర ఒక్కటే.

ఇప్పుడు మా బండి కథ.

మా నాన్నగారు 1978లో కొన్న బండి. సార్వా ఊడ్పులకీ, దాళ్వా కోతలకీ, నర్సాపురం రేవులో పంటు ఎక్కి సఖినేటిపల్లి అవతల చుట్టాలిళ్లకీ అదే. నేను హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాక అది నా చేతికొచ్చింది. 2015లో కుడివైపు నుంచి టకటక మొదలైంది. ఒక షాపుకి తీసుకెళ్తే ట్యాపెట్ కవరు తీసి, రెండు స్పానర్లు పెట్టి, అయిదు నిమిషాల్లో గ్యాప్ మూసేశారు. సౌండ్ పోయింది, నేను సంతోషపడి డబ్బులిచ్చి వచ్చేశాను. ఆరు నెలలకి మళ్లీ టకటక, మళ్లీ మూశారు. అలా మూడుసార్లు. గ్యాప్ ఎందుకు పెరుగుతోందని వాళ్లూ అడగలేదు, నేనూ అడగలేదు. లెక్కల మాస్టారిని, ఒకే లెక్క మూడుసార్లు తప్పొస్తుంటే పద్ధతిలోనే తేడా ఉందని పిల్లలకి చెప్పేవాణ్ని, నా బండి దగ్గర మాత్రం ఆ ఆలోచన రాలేదు.

పైగా మనది పల్లపు సీమ. పాలకొల్లు నుంచి భీమవరం వెళ్లినా, అమలాపురం వెళ్లినా ఎత్తు అంటే వంతెనలే. ఇంజిన్ బలం సగానికి పడిపోయినా ఇక్కడ తెలియదు, మెల్లగా వెళ్లిపోతుంది. 2017లో సత్యనారాయణ స్వామి వ్రతానికి మా ఆవిడని ఎక్కించుకుని అన్నవరం వెళ్లాం. రత్నగిరి ఎక్కేటప్పుడు బండి మూడో గేరు లాగలేదు, రెండో గేరు లాగలేదు, మొదటి గేరులో ఆయాసపడుతూ కార్బురేటర్ లోంచి ఫట్ ఫట్ మని తుమ్మడం మొదలుపెట్టింది. మా ఆవిడ దిగి నడిచింది. అక్కడ తెలిసింది మాకు.

ఇంటికొచ్చాక టైమింగ్ కవరు విప్పించాను. ఎగ్జాస్ట్ క్యామ్ ముక్కు అరిగి మొద్దుబారిపోయింది, కొత్తదానితో పోల్చి వెర్నియర్‌తో కొలిస్తే దాదాపు రెండు మిల్లీమీటర్లు తక్కువ. ట్యాపెట్ అడుగు అద్దంలా చదునుగా ఉండాల్సింది, సానరాయిలా గుంటపడింది. ఎగ్జాస్ట్ వాల్వు పూర్తిగా లేవడం లేదు కాబట్టి కాలిన గ్యాసు బయటికి పోక, ఇన్‌లెట్ తెరుచుకోగానే వెనక్కి కార్బురేటర్ లోకి తంతోంది. తుమ్ములు అందుకే.

ఇక్కడ ఒక సంగతి జాగ్రత్తగా చదవమని పాఠకులను అడుగుతున్నాను, ఎందుకంటే చాలామంది మెకానిక్కులే ఇది పట్టించుకోవడం లేదు. ట్యాపెట్ గ్యాప్ చూసేది క్యామ్ వీపు మీద ఉన్నప్పుడు, ముక్కు మీద ఉన్నప్పుడు కాదు. బుల్లెట్‌కి ఇంజిన్ చల్లగా ఉండగా, వాల్వులు రెండూ మూసుకుని పిస్టన్ పైన (కంప్రెషన్‌లో) ఉన్నప్పుడు, పుష్‌రాడ్ వేళ్లతో తిప్పితే సులువుగా తిరగాలి, పైకీ కిందికీ ఆడకూడదు, అదే సెట్టింగు. అంటే ముక్కు ఎంత అరిగినా ఆ గ్యాపులో కనపడదు. ట్యాపెట్ అడుగు గుంటపడితే మాత్రం గ్యాప్ పెరుగుతుంది. మనం మూసేది ఆ గుంట లోతుని మాత్రమే, పోయిన ముక్కు ఎత్తుని కాదు. సౌండ్ ఆగుతుంది, అరుగుదల లోపల సాగుతూనే ఉంటుంది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారే, అదీ పరిస్థితి. ముక్కుకి ఎక్కే వాలు కూడా పాడైపోతే గ్యాప్ సరిగ్గా పెట్టినా టకటక వస్తుంది, అప్పుడు కొందరు ఇంకా టైట్ చేస్తారు, దాంతో వాల్వు పూర్తిగా కూర్చోక అంచు కాలిపోతుంది. ఒక రోగానికి రెండు రోగాలు.

కొత్త క్యామ్ గేర్లు వేయించాను. ట్యాపెట్లు కూడా మార్చమంటే ఆ షాపాయన "ఎందుకండీ దండగ, పాతవి ఎమరీ కాయితంతో రుద్దితే బ్రహ్మాండంగా పనిచేస్తాయి" అన్నాడు. నమ్మాను. 1100 కిలోమీటర్లకి మళ్లీ అదే సౌండ్, అదే తుమ్ము. ఆయిల్ దింపితే తెల్లగుడ్డ మీద వెండి పొడి చల్లినట్టు మెరిసింది, అయస్కాంతం పెడితే అతుక్కుంది. ఆ పొడి అక్కడితో ఆగదు కదా, ఆయిల్ పంపు ప్లంజర్లను గీకేసింది, క్రాంకు మీదుండే బేరింగు (బిగ్ ఎండ్) దాకా పోయింది. మూడు వేలతో పోయేది క్రాంకు దాకా వచ్చింది. ఆ రెండు నెలలు పడ్డ టెన్షన్, నాన్నగారి బండి నా చేతిలో పాడైందన్న బాధ చెప్పుకుంటే తీరేది కాదు.

చివరికి భీమవరంలో ఒక పెద్ద లేత్ మేస్త్రీ గారు నాకు కళ్లు తెరిపించారు. రైస్ మిల్లుల ఆయిల్ ఇంజిన్ల కాలం నుంచి పనిచేస్తున్న మనిషి. నా ట్యాపెట్ అడుగు చూసి "మాస్టారూ, దీని పై తోలు ఎప్పుడో పోయిందండి, ఇది ఉత్త మెత్తటి ఇనుమండి ఇప్పుడు" అన్నారు. పై తోలు అంటే గట్టిపరిచిన పొర. క్యామ్‌కీ ట్యాపెట్‌కీ పైన పల్చగా ఒక పొర మాత్రమే గట్టిగా ఉంటుంది, లోపల మెత్తగా ఉంటుంది, మొత్తం గట్టిగా చేస్తే పెళుసై పగులుతుంది. ఆ పొర ఉన్నన్నాళ్లు అరుగుదల వెంట్రుకవాసి. పొర దాటిందంటే ఇక సబ్బు అరిగినట్టే. ఎమరీతో రుద్దడమంటే మిగిలిన ఆ కాస్త పొరనీ మన చేత్తో తీసేయడం. ట్యాపెట్ పక్క అంచు మీద సన్న ఆకురాయితో గీసి చూపించారాయన. కొత్తదాని మీద ఆకురాయి జారిపోయింది, నాదాన్ని కొరికింది.

ఇంకో సంగతి కూడా ఆయన దగ్గరే నేర్చుకున్నాను. గుండ్రటి చదును అడుగున్న ట్యాపెట్ ఎత్తినప్పుడల్లా తన గైడ్‌లో కొంచెం కొంచెం తిరగాలి, అప్పుడే రాపిడి అడుగంతా సమానంగా పంచుకుంటుంది. గుంటపడిన ట్యాపెట్ తిరగదు, ఒక్కచోటే నిలబడి కొత్త క్యామ్‌ని తినేస్తుంది. అందుకే క్యామ్ మారిస్తే ట్యాపెట్లు కూడా మార్చాలి. గైడ్‌లో వదులుందా, బిగుసుకుందా అదీ చూడాలి. కొందరు అరిగిన ముక్కు మీద మామూలు వెల్డింగ్ పెట్టి చేత్తో గ్రైండ్ చేసి ఇస్తున్నారు, దయచేసి వేయించుకోకండి. ఆ వేడికి చుట్టూ ఉన్న గట్టిదనం పోతుంది, చేత్తో ఆ వంపు రాదు. దానికి గట్టి మిశ్రమంతో పూత పెట్టి, మాస్టర్ క్యామ్‌ని ఆనవాలుగా పెట్టుకుని గ్రైండ్ చేసే మిషనుండాలి.

ఆయిల్ గురించి. బుల్లెట్‌లో రాకర్లకి పైపుల ద్వారా వెళ్లిన ఆయిల్ పుష్‌రాడ్ల దారిలోంచి కిందికి జారి క్యామ్‌ల మీద పడుతుంది. నెలరోజులు బండి తీయకపోతే అదంతా కిందికి కారిపోయి క్యామ్ పొడిగా ఉంటుంది. అందుకే తీసేముందు డీకంప్రెషర్ (ఇంజిన్ లోపలి ఒత్తిడి వదిలేసే లీవరు) పట్టుకుని ఓ పదిహేను ఇరవై సార్లు మెల్లగా కిక్ తిప్పి ఆ తర్వాత స్టార్ట్ చేయాలి, మా నాన్నగారు ఎప్పుడూ అలాగే చేసేవారు, ఎందుకో నాకు అప్పట్లో తెలిసేది కాదు. ఇంకో పొరపాటు చదువుకున్న కుర్రాళ్లు చేస్తున్నారు. ఖరీదైన ఆయిల్ మంచిదని కార్లకు వాడే పల్చటి 5డబ్ల్యూ-30 తెచ్చి పోస్తున్నారు. ఆయిల్లో జింకు, ఫాస్ఫరస్ కలిసిన ఒక మందు ఉంటుంది, ఆయిల్ పొర తెగిపోయి లోహం లోహానికి తగిలే చోట ఆ వేడికి అది పైన ఒక గాజులాంటి పూత కడుతుంది, క్యామ్‌ని కాపాడేది అదే. కార్ల సైలెన్సర్‌లో పొగను శుభ్రం చేసే కన్వర్టర్‌ని ఫాస్ఫరస్ పాడుచేస్తుంది కాబట్టి 2004లో వచ్చిన ఏపీఐ ఎస్ఎం అనే అమెరికా ఆయిల్ ప్రమాణం నుంచి కార్ల పల్చటి గ్రేడుల్లో దాన్ని 800 పీపీఎంకి (పది లక్షల పాళ్లలో 800) మించకుండా కట్టడి చేశారు. కార్లకి అది సరైన పనే. మన పాత బళ్లకి 20డబ్ల్యూ-50 గ్రేడు, మోటార్ సైకిళ్ల కోసం చేసినది, డబ్బా మీద జేఏఎస్‌ఓ ఎంఏ (మోటార్ సైకిల్ ఆయిల్‌కి జపాన్ ప్రమాణం) అని ఉన్నది తీసుకోండి. అందులో ఫాస్ఫరస్ 800 నుంచి 1200 పీపీఎం మధ్య ఉండాలని ఆ ప్రమాణంలోనే ఉంది. సంతలో విడిగా పోసి అమ్మే ఆయిల్ జోలికి అసలు వెళ్లొద్దు.

ఇది చెబితే కుర్రాళ్లకి కోపం వస్తుందేమో గానీ చెప్పక తప్పదు. డుగ్... డుగ్... అని లెక్కపెట్టుకునేలా ఐడ్లింగ్ తగ్గించి, పెళ్లి ఊరేగింపుల్లో అరగంట సేపు స్టాండు మీద మోగించి వీడియోలు తీస్తున్నారు. ఆ సౌండ్ అంటే నాకూ ప్రాణం, నాన్నగారు ఏటిగట్టు మలుపు తిరిగారని ఆ సౌండ్‌తోనే ఇంట్లో తెలిసేది. కానీ క్యామ్‌కి అన్నిటికంటే కష్టమైన సమయం అదే. ఇంజిన్ స్పీడుగా తిరిగేటప్పుడు ట్యాపెట్ ఆ ఊపులో కొంచెం తేలుతుంది, ముక్కు మీద బరువు తగ్గుతుంది. నెమ్మదిగా తిరిగేటప్పుడు స్ప్రింగు బలం మొత్తం ముక్కు మీదే ఉంటుంది, పైగా ఆ నిదానానికి ఆయిల్ మధ్యలోకి లాగబడదు, పంపు కూడా బొట్టు బొట్టుగానే తోస్తుంది. కొత్త క్యామ్ వేసిన రోజే అలా ఐడ్లింగ్‌లో వదిలేస్తే మొదటి అరగంటలోనే దాని బతుకు తేలిపోతుంది. వేసేటప్పుడు ముక్కుకీ ట్యాపెట్ అడుగుకీ మోలిబ్డినం నల్ల పేస్టు పట్టించి, ఊరికే కిక్కులు కొట్టకుండా పెట్రోలు, కరెంటు అన్నీ ముందే సరిచూసుకుని, స్టార్ట్ అవగానే రోడ్డు ఎక్కించి స్పీడు కొంచెం పెంచుతూ తగ్గిస్తూ నడపాలి. ఓ 300 కిలోమీటర్లకే ఆ మొదటి ఆయిల్ దింపేయాలి.

మన నేల మీద ఇంకో శత్రువు నీళ్లు. 2022 జూలై గోదావరి వరదల్లో లంకలో మా బావగారి బండి రెండు రోజులు హ్యాండిల్ దాకా మునిగింది. నీళ్లు తీశాక ఆయన ఆత్రంగా కిక్ కొట్టబోతుంటే ఫోన్లోనే ఆపాను. ఆయిల్ దింపితే పాలు ఎక్కువైన కాఫీ రంగులో వచ్చింది. నీళ్లలో ఉన్నప్పుడు ఏదో ఒక వాల్వు తెరిచి ఉంటే ఆ క్యామ్ ముక్కు మీద ట్యాపెట్ నొక్కుకుని ఉన్న చోట తుప్పు చుక్కలు పడతాయి, ఆ చుక్క దగ్గర్నుంచే పై పొర పెచ్చులు లేస్తుంది. టైమింగ్ కవరు విప్పి, డీజిల్‌తో కడిగి, చూసుకుని, కొత్త ఆయిల్ పోశాకే తిప్పాం. ఇప్పటికీ నడుస్తోంది. అంతర్వేది, నర్సాపురం వైపు ఉప్పుగాలికీ, రోజూ ఇంటి నుంచి చెరువు గట్టు దాకా ఒక కిలోమీటరు మాత్రమే తిరిగే బళ్లకీ ఇదే బాధ. ఇంజిన్ పూర్తిగా వేడెక్కదు, లోపల చేరిన చెమ్మ ఆవిరవ్వదు. వారానికోసారైనా ఓ పాతిక కిలోమీటర్లు తిప్పండి.

1985లో వచ్చిన హీరో హోండా సీడీ 100 కూడా ఇప్పుడు పాత బండే. చేపల మేత బస్తాలూ కొబ్బరి గెలలూ మోస్తూ ఇంకా తిరుగుతున్నాయి. దాని క్యామ్ పైన హెడ్లో ఉంటుంది, లోపల పట్టేది లీటరు లోపు ఆయిలే, అది తగ్గితే ముందు ఎండిపోయేది పైనున్న క్యామూ రాకర్లూ. డిప్‌స్టిక్ తీసి చూడటానికి నిమిషం పట్టదు.

బుల్లెట్ ఉన్నవాళ్లు ఇంట్లోనే రెండు పనులు చేయొచ్చు. ట్యాపెట్ కవరు తీసి రెండు అడ్జస్టర్లనీ పక్కపక్కన చూడండి, ఒకదాని మరలు రెండోదానికంటే బాగా ఎక్కువ బయటికొచ్చి ఉంటే ఆ అడుగు గుంటపడి ఉండొచ్చు. తర్వాత ఒక డయల్ గేజ్ సంపాదించి ట్యాపెట్ పైన ఆనించి, ఇంజిన్ మెల్లగా తిప్పుతూ అది ఎంత లేస్తోందో ఒక చీటీ మీద రాసుకోండి. ఏడాదికోసారి అదే కొలత. తగ్గుతోందంటే క్యామ్ ముక్కు పోతోందని. సెట్ చేసిన గ్యాప్ మూడు నాలుగు వేల కిలోమీటర్లు నిలవకపోతే మాత్రం మళ్లీ టైట్ చేయించకండి, కవరు విప్పమని అడగండి. మెకానిక్ విసుక్కున్నా సరే అడగండి.

సంపాదకుల వారికి నా విన్నపం రెండే. ఆ ట్యాపెట్ మాటకి వచ్చే ఆదివారం ఒక సవరణ వేయండి, మీ పేపరు చూసి పని చేయించుకునేవాళ్లు మా ఊళ్లోనే ఉన్నారు. వీలైతే మన రెండు గట్ల మీదా మిగిలి ఉన్న పెద్ద మేస్త్రీల దగ్గరికి మీ విలేకరులను పంపి వాళ్లకు తెలిసిన పని రాయించండి. నాకు నేర్పిన మేస్త్రీ గారికి ఇప్పుడు చూపు ఆనడం లేదు, వెర్నియర్ గీతలు నేను చదివి చెబుతుంటే ఆయన వేలితో ముక్కు తడిమి "ఇది పోయిందండి", "ఇది ఇంకా రెండేళ్లు నడుస్తుందండి" అని చెబుతున్నారు, ఆ మాట ఇంతవరకు తప్పు కాలేదు.

అరిగిన నా ఎగ్జాస్ట్ క్యామూ, కొత్తదీ పక్కపక్కన పెట్టి తీసిన ఫొటో, గుంటపడిన ట్యాపెట్ ఫొటో దీనికి జతచేస్తున్నాను. వేస్తే దయచేసి అసలు సైజులోనే వేయండి. తేడా రెండు మిల్లీమీటర్లే, చిన్నది చేస్తే కనపడదు.

ఇట్లు,
మీ పాఠకుడు,
రిటైర్డ్ లెక్కల మాస్టారు, పాలకొల్లు